ఆటోక్రాస్: విద్యుత్ కారునకు టైర్లు, చక్రముల ఎంపిక

ఆటోక్రాస్ అనునది కారునకును కాలమునకును నడుమ జరుగు పందెము. బహిరంగ మైదానమున కోనులు నిలిపి గీచిన ఇరుకు బాటలో ఒక్కొక్క కారు ఒంటరిగా బయలుదేరి, మెలికలన్నియు తిరిగి, గీత దాటువరకు పట్టిన సెకండ్లను లెక్కించి, అందరికన్న తక్కువ కాలము పట్టినవానిని విజేతగా నిర్ణయింతురు. వేగము సామాన్యముగా గంటకు వంద కిలోమీటర్లకు లోపుననే యుండును; పరుగు ఒక నిమిషమునకు అటునిటుగా ముగియును. కావున యంత్రబలమును చాటుకొనుటకు ఇచట అవకాశము స్వల్పము; మలుపులో జారక నేలను పట్టి నిలుచుటయే ప్రధానము. ఆ పట్టు యంతయు నాలుగు టైర్లు నేలను తాకు నాలుగు తావులనుండియే రావలెను. ఆ తావు ఒక్కొక్కటి మన అరచేతికన్న కొంచెము పెద్దది, అంతే.

ఈ పేరు దేశమును బట్టి అర్థము మార్చుకొనుచుండును. 1944లో స్థాపితమైన స్పోర్ట్స్ కార్ క్లబ్ ఆఫ్ అమెరికా ‘సోలో’ అను పేర నడుపు పోటీలు విశాలమైన పార్కింగు స్థలములందును, పాత విమానాశ్రయముల రన్‌వేలపైనను, అనగా తారు లేక కాంక్రీటు నేలపై జరుగును. అమెరికాలో స్థిరపడిన తెలుగువారికి ఆటోక్రాస్ అనగా స్ఫురించునది ఇదియే. అచట తగిలిన కోను ఒక్కింటికి రెండు సెకండ్ల చొప్పున కాలమునకు కలుపుదురు. ఐరోపాలో అదే పేరుతో మట్టిబాటపై పలు కార్లు ఒక్కమారుగా బయలుదేరి ఒకదానితో నొకటి పోటీపడును. మనదేశమున ఫెడరేషన్ ఆఫ్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్స్ ఆఫ్ ఇండియా అనుమతితో సాగు ఆటోక్రాస్ చాలమట్టుకు మట్టినేలపై గడియారముతో జరుగు పోటీ. ఈ భేదమును గుర్తింపక, అమెరికావారి అనుభవమును చదివి, వెడల్పాటి మెత్తని టైర్లు కొని తెచ్చుకొని మన ఎఱ్ఱమట్టి చెల్కలలో దిగినవాడు మొదటి మలుపులోనే ప్రక్కకు కొట్టుకొనిపోవును. టైరు నెన్నుకొనువాడు ముందుగా నేలను చూడవలెను. పిదప బండి బరువును, దాని తరువాత టైరును, అన్నిటికిని చివర రిమ్మును. చాలమంది ఈ వరుసను తలక్రిందులు చేసి, అందమైన అల్లాయ్ చక్రములతో ప్రారంభింతురు.

నేలను బట్టి చక్రమను న్యాయము మా ప్రాంతమునకు క్రొత్త కాదు. నల్లగొండ జిల్లాలోని మర్రిగూడ పరిసరములు, వాని పడమటనున్న పాలమూరు మెట్టలు, ఎఱ్ఱని చెల్క నేలలకును దుబ్బలకును పేరెన్నికగన్నవి. నడుమ నడుమ వాగుల వెంబడి నల్లరేగడి పట్టెలు తగులును. ఎడ్లబండి చక్రమును వడ్రంగి చేయునపుడు నడుమ కుంభమును, దానినుండి వెలువడు ఆకులను, ఆకుల కొసలను కలిపి పట్టుకొను పూటీలను అమర్చి, పిమ్మట కమ్మరి చేతికిచ్చెడివాడు. కమ్మరి కొలత తీసి, ఇనుప పట్టాను కొయ్యచక్రపు చుట్టుకొలతకన్న రవ్వంత చిన్నదిగా అతికి, నేలపై పరచి, పైన పిడకలు పేర్చి నిప్పంటించెడివాడు. ఎఱ్ఱగా కాలి సాగిన పట్టాను ఇద్దరు ముగ్గురు పట్టుకార్లతో ఎత్తి చక్రముపైకి దించి, సుత్తులతో సరిదిద్ది, వెంటనే నీళ్లు గుమ్మరించగా, బుస్సుమని ఆవిరి లేచి, పట్టా బిగిసి, పూటీల సందులన్నియు కిఱ్ఱుమని మూసికొనెడివి. ఆ సన్నని ఇనుప పట్టా గట్టి మొరం బాటపై తేలికగా దొర్లునే గాని, దుబ్బలో దిగినచో కోసికొనిపోవును. తరువాత వచ్చిన రబ్బరు చక్రముల బండిని జనులు ‘డన్లప్ బండి’ యని, ‘టైరుబండి’ యని పిలిచిరి. అది దుబ్బలోను తేలిపోవుటచే అవే ఎడ్లు అంతకుముందుకన్న ఎక్కువ బరువు లాగగలిగినవి. కోసికొనిపోవుట, తేలిపోవుట అను ఈ రెండు గుణములే నేటికిని ఆటోక్రాస్ టైరు ఎంపికకు మూలము.

విద్యుత్ కారునకును గాలి టైరునకును గల చెలిమి నేటిది కాదు. 1899 ఏప్రిల్ 29న ఫ్రాన్సు దేశమున బెల్జియము వాసి కమీల్ జెనాట్జీ ‘లా జమే కాంతాంత్’ అను విద్యుత్ శకటమును గంటకు 105.88 కిలోమీటర్ల వేగమున నడిపినాడు. రోడ్డుబండి వంద కిలోమీటర్ల వేగమును దాటుట అదియే ప్రథమము. దాని చక్రములకు మిషెలిన్ వారి గాలి టైర్లు ఉండెను. పిదప పెట్రోలు యంత్రముల ప్రాబల్యముచే ఈ జంట చిరకాలము మరుగున పడినది.

ఇపుడు విద్యుత్ కారు తెచ్చిన చిక్కులేవో చూతము. మొదటిది బరువు. బ్యాటరీ కారు అడుగున పఱచినట్లుండుటచే గరిమనాభి క్రిందికి దిగి, బండి ప్రక్కకు వాలుట తగ్గును; ఇది లాభమే. కాని మొత్తము బరువు పెరుగును. 2020లో వచ్చిన తొలి నెక్సాన్ విద్యుత్ కారు సుమారు 1,400 కిలోలు తూగినది. నడుపువానిని కలుపుకొన్నచో, నిలుచున్నపుడు సగటున ఒక్కొక్క టైరుపై 370 కిలోల భారము పడును. బ్రేకు నొక్కుచు మలుపులో దిగినపుడు వెలుపలి ముందు టైరుపై ఆ భారము రెట్టింపునకు చేరువ కావచ్చును. ఇచట రబ్బరు స్వభావము నొకదానిని గ్రహింపవలెను: భారము రెట్టింపైనచో పట్టు రెట్టింపు కాదు, అంతకు తక్కువే పెరుగును. అందుచే బరువైన బండి తన బరువునకు తగినంత పట్టును ఎన్నడును పొందజాలదు. ఆ లోటును పూడ్చుటకే వెడల్పాటి టైరు, గట్టి సైడ్‌వాల్, తగిన గాలి అను మూడింటి సహాయము కోరవలసి వచ్చును.

రెండవది మోటారు తిప్పుబలము. పెట్రోలు యంత్రము తన భ్రమణవేగము పెరిగిన పిదపనే పూర్తి బలము చూపును; విద్యుత్ మోటారు నిలుచున్న చోటనే చూపును. మన దేశమున విరివిగా తిరుగు టియాగో, నెక్సాన్ వంటి విద్యుత్ కార్లలో ఈ బలమంతయు ముందు చక్రములకే చేరును. మలుపు తిప్పుటయు వానిపనే, లాగుటయు వానిపనే. కాలు తీసిన క్షణమున మోటారే జనరేటరై బ్యాటరీకి విద్యుత్తును మరల పంపుచు బండిని ఆపబోవుటయు వానిమీదుగానే. వెనుక టైర్లు ఏడు పరుగులు చేసినను క్రొత్తగానే కనిపించుచుండ, ముందు టైర్ల భుజములు మాత్రము గీరుకొనిపోవుటకు కారణమిదే. ఇంకొక సూక్ష్మము కలదు. బ్యాటరీ నూటికి నూరుపాళ్లు నిండియున్నపుడు మరల పుచ్చుకొను శక్తి దానికుండదు గనుక ఈ మోటారు బ్రేకు బలహీనపడును. రెండు మూడు పరుగుల తరువాత బలపడును. ఒకే మలుపులో ఒకే వేగమున బండి ప్రొద్దున ఒక తీరున, మధ్యాహ్నము మరియొక తీరున ప్రవర్తించుచున్నదని టైర్లను తిట్టువారు తఱచుగా ఈ సంగతి మఱచిపోవుదురు. ఎనుబది శాతము చార్జితో పోటీకి వచ్చుట మేలు.

మట్టి ఆటోక్రాస్‌లో టైరును నిర్ణయించునది పైపొర క్రింద నేమున్నది అను ప్రశ్న. పంట తీసిన చెల్కలో పైన రెండంగుళముల వదులు మన్ను, దాని క్రింద గట్టి మొరం ఉండును. ఇట్టిచోట వెడల్పు టైరు పైమంటిమీద తేలి జారును. సన్నని టైరు ఆ పొరను కోసికొని మొరమును చేరి అచట పట్టు సంపాదించును. పూర్వపు ఇనుప పట్టా చేసిన పనియే ఇది. అందుకని మట్టి ర్యాలీలలో సన్నని, నేలను తాకు రబ్బరు దిమ్మెలు ఎడమెడముగా నున్న, గట్టి సైడ్‌వాల్ గల టైర్లు వాడుకలో నున్నవి; కుర్రవాండ్రు మోటారుసైకిలు భాషలో ‘బటన్ టైర్లు’ అనునవి ఆ జాతివే. నేల అడుగువరకు మెత్తని దుబ్బయే ఐనచో ఈ తర్కము తలక్రిందగును. అచట కోసుకొనిపోయిన చక్రము కూరుకొనిపోవును, వెడల్పు టైరే మేలు. వాన కురిసిన రేగడిలో మూడవ న్యాయము: దిమ్మెల నడుమ సందులు ఇరుకుగా నున్న టైరు నాలుగు చుట్లు తిరుగుసరికి మట్టి నిండి నున్నని బంకముద్ద యగును, సందులు పెద్దవైనచో తిరుగు వేగమునకే మట్టి విసరివేయబడును.

మట్టిబాట పరుగుపరుగునకు మారిపోవును. ఉదయము మొదట వెళ్లు కారు వదులు మన్నును చిమ్ముచు దారి ఊడ్చును. పదవ కారు వెళ్లునప్పటికి మలుపుల లోపలి అంచున మొరం నున్నగా తేలి, తారురోడ్డు వలె మెఱయును. వెలుపలి అంచున చిమ్మిన మన్ను గట్టుగా పేరుకొనును. అనుభవజ్ఞులు పోటీకి ముందు బాట వెంట నడచుచు, చెప్పు మడమతో అచ్చటచ్చట గోకి చూచెదరు. ఆ గోకుడు ఖరీదైన టైరు కంటె ఎక్కువ చెప్పును. మధ్యాహ్నపు వరుసలో పరుగున్నచో బాగుగా దిమ్మెలుగల టైరు అక్కఱలేక, కొంత అరిగిన సాధారణ టైరే వేగమిచ్చుట కలదు.

తారునేల ఆటోక్రాస్ కథ వేరు. అచట టైరు పట్టు రబ్బరులోనుండియే వచ్చును. రోడ్డు గరుకుల మీద రబ్బరు నొక్కుకొని మరల లేచునపుడు కొంత శక్తి వేడిగా మారి పోవును. ఆ నష్టమే పట్టు. విద్యుత్ కార్లకై ప్రత్యేకముగా చేసిన టైర్లలో ఆ నష్టమును తగ్గించి, ఒక్క చార్జికి ఎక్కువ దూరము పోవునట్లు రబ్బరును కలుపుదురు. శబ్దము తగ్గించుటకు లోపల నురుగుపట్టీని కూడ కొన్నింటికి అంటింతురు. నగరమున అది మంచి గుణమే. కోనుల నడుమ అదే దోషము. దూరము కావలెనన్న పట్టు వదలుకొనవలెను, పట్టు కావలెనన్న దూరము వదలుకొనవలెను; ఈ రెండును ఒక్క టైరులో ఇముడునని ప్రకటనలు పలుకునపుడు కొంత నవ్వుకొని ఊరకుండుట మంచిది.

అమెరికా పోటీలలో సాధారణ కార్ల తరగతులకు అరుగుదల సంఖ్య 200 కు తగ్గని టైర్లే వాడవలెనను నియమము ప్రసిద్ధము. టెక్సాస్ రాష్ట్రమున శాన్ ఆంజెలో పరిసరపు రోడ్లపై 7,200 మైళ్లు నడిపి, 100 అని నిర్ణయించిన ప్రమాణ టైరుతో పోల్చి ఈ సంఖ్యను లెక్కించుదురు. ఇది మన్నికను చెప్పునే గాని పట్టును చెప్పదు. పైగా సంఖ్యను ముద్రించువాడు టైరు చేయువాడే. కావున పేరునకు 200, గుణమునకు పందెపు టైరు అనదగినవి బజారున వెలసినవి. నియమము పెట్టినవాడొక మెట్టు ఎక్కగా, దాని నీడన వ్యాపారి రెండు మెట్లు ఎక్కెను. తారునేలపై క్రొత్త టైరు కన్న సగము అరిగిన టైరు చుఱుకుగా నుండుటయు తెలిసికొనదగినది. ఎనిమిది మిల్లీమీటర్ల ఎత్తు దిమ్మెలు మలుపులో ఊగులాడును, నాలుగు మిల్లీమీటర్లవి ఊగవు. అట్లని పాతబడిన టైరును నమ్మరాదు. సైడ్‌వాల్‌పై నాలుగంకెల తేదీ యుండును. 2324 అన్నచో 2024వ సంవత్సరపు 23వ వారమున చేసినది. మా ఎండలకు ఐదారేండ్లు ఆరుబయట నిలిచిన కారు టైరు దిమ్మెలు నిండుగా నున్నను రబ్బరు బిగిసి కొయ్యబారును.

ఇక కొలతలు. నెక్సాన్ విద్యుత్ కారునకు వచ్చు 215/60 ఆర్ 16 టైరునే ఉదాహరణముగా గైకొందము. వెడల్పు 215 మిల్లీమీటర్లు, సైడ్‌వాల్ ఎత్తు అందులో నూటికి అరువది, అనగా 129 మిల్లీమీటర్లు, రిమ్ము పదునారంగుళములు, మొత్తము వ్యాసము 664 మిల్లీమీటర్లు. పెట్రోలు కారులో గేర్లుండుటచే చక్రపు వ్యాసములోని చిన్న భేదము కప్పుకొనిపోవును. విద్యుత్ కారునకు సాధారణముగా ఒకటే గేరు గనుక వ్యాసము తగ్గిన మేర లాగుబలము సూటిగా పెరుగును. 205/55 ఆర్ 16 తొడిగినచో వ్యాసము 632కు దిగి, లాగుడు దాదాపు ఐదు శాతము పెరుగును. వినుటకు ఇంపుగానున్నది, కాని అసలు టైరు లోడు సూచిక 95, అనగా 690 కిలోలు, ఈ చిన్న టైరుది 91, అనగా 615 కిలోలే. ‘ఎక్స్‌ఎల్’ గుర్తుగల గట్టి రకమైనను 94, అనగా 670. కారు చేసినవారు చెప్పిన లోడు సూచికకు దిగువనున్న టైరును విద్యుత్ కారునకు తొడుగుట నేను ఒప్పుకొనను. 215/55 ఆర్ 16 ఎక్స్‌ఎల్ రకము తీసికొన్నచో వ్యాసము 643, సూచిక 97, అనగా 730 కిలోలు. తారునేలకు ఇది సరియైన మధ్యేమార్గము. మట్టికైనచో ఎదురుదిక్కున నడచి, ఒకప్పుడు డస్టరు కార్లకు వచ్చిన 215/65 ఆర్ 16 వైపు చూడవచ్చును. వ్యాసము 686కు పెరిగి లాగుడు మూడు శాతము తగ్గినను, మట్టిలో విద్యుత్ మోటారునకు బలమెన్నడును కొదువ కాదు, చక్రము ఉత్తినే తిరుగుటయే దాని జబ్బు. పూర్తిగా స్టీరింగు తిప్పినపుడు లోపలి మడ్‌గార్డునకు రాయకుండునా అని మాత్రము కొనకముందే చూచుకొనవలెను. భారీ విద్యుత్ కార్లకై 2021నుండి ‘హెచ్‌ఎల్’ గుర్తుతో ఎక్స్‌ఎల్ కన్న ఎక్కువ భారమోయు రకములును వెలువడినవి.

గాలి విషయమున నాలుగు మాటలు ఎక్కువ చెప్పుదును, ఏలనన ఖర్చులేని ఉపాయము ఇదొక్కటే. సాగర్ రోడ్డు మీది మాల్ అను ఊరిలో గాలి పట్టు కుర్రవాడు గొట్టము తగిలించుచు “ఎంత పెట్టాలె సార్?” అని అడుగును, తలుపు సందున అంటించిన కాగితములోని సంఖ్య చెప్పి ఊరకుందుము. ఆ సంఖ్య నిత్యప్రయాణమునకు ఉద్దేశింపబడినది. తారునేల పోటీలో దానికి నాలుగైదు పి.ఎస్.ఐ. ఎక్కించి ఆరంభించి, దిమ్మెల అంచునుండి సైడ్‌వాల్ మీదికి చాక్‌పీసుతో గీత గీచి, ఒక పరుగు చేసి దిగి చూడవలెను. సుద్ద గీత దిమ్మెల అంచువరకే చెరిగినచో గాలి సరిపోయినది. అంచు దాటి సైడ్‌వాల్ మీద చెరిగినచో టైరు మడతపడుచున్నది, ఇంకను కావలెను. అంచు చేరకమునుపే ఆగినచో ఎక్కువైనది, తీయవలెను. టైరు పది డిగ్రీలు వేడెక్కినచో గాలి సుమారు ఒకటిన్నర పి.ఎస్.ఐ. పెరుగును గనుక పరుగునకును పరుగునకును నడుమ కొలిచి తీయుచుండవలెను. నల్లగొండ వేసవిలో తారు కాలి పెనమగునపుడు టైర్లపై నీళ్లు చల్లి చల్లార్చువారును కలరు. మట్టిలో గాలి తగ్గించుట లాభమే, తాకు తావు పెరుగును. కాని తేలిక పెట్రోలు కారువాడు దింపినంత విద్యుత్ కారువాడు దింపరాదు. బండి బరువునకు టైరు రిమ్ము అంచునుండి ఊడి గాలి యంతయు ఒక్క ఊపున పోవచ్చును. లేదా రాయికిని రిమ్మునకును నడుమ సైడ్‌వాల్ నలిగి రెండు గాట్లు పడవచ్చును. ట్యూబ్‌లెస్ టైరు దిమ్మెలలో పడిన రంధ్రమునకు పురి దూర్చి పని గడుపుకొనవచ్చును గాని సైడ్‌వాల్ గాటునకు మందు లేదు.

రిమ్ముల సంగతి సంగ్రహముగా. స్ప్రింగుల క్రింద వ్రేలాడు బరువు తగ్గినకొలది చక్రము గతుకులను వెంటనంటి పోవును. పైగా అంచున నున్న బరువును త్రిప్పుటకును జరుపుటకును కూడ శక్తి వెచ్చింపవలసి వచ్చును గనుక, అక్కడ కిలో తగ్గుట ఒడలిలో కిలో తగ్గుటకన్న ఎక్కువ లెక్క. పోతపోసిన అల్లాయ్ సామాన్యముగా ఉక్కుకన్న తేలిక, సుత్తెపోటున రూపొందిన అల్లాయ్ ఇంకను తేలిక, వెలయు అట్లే. కాని రాతిదెబ్బకు పోత అల్లాయ్ పగులును, ఉక్కు రిమ్ము సొట్టపడును. సొట్టను మా ఊరి కమ్మరి సైతము కొంతవరకు సరిచేయగలడు, పగులును ఎవడును చేయలేడు. మట్టి పోటీకి ఉక్కునే నేను సిఫారసు చేయుదును. వెడల్పు విషయమున 205 మిల్లీమీటర్ల టైరునకు ఐదున్నర నుండి ఏడున్నర అంగుళములవరకు చెల్లును. తారుపై ఎక్కువ వెడల్పు రిమ్ము సైడ్‌వాల్‌ను నిటారుగా నిలుపును, మట్టిపై తక్కువ వెడల్పు రిమ్ము దాని అంచును రాతినుండి కాపాడును. బోల్టు వలయము, నడిమి రంధ్రము, రిమ్ము నడిగీతనుండి బిగింపు తలమునకు గల ఎడమైన ఆఫ్‌సెట్ అను మూడు కొలతలు కుదరని రిమ్మును ఎంత చౌకగా వచ్చినను తాకరాదు. ఆఫ్‌సెట్ మారినచో స్టీరింగు బరువెక్కి, ముందు చక్రముల లాగుడు చేతులలో గుంజినట్లుండును. రిమ్ము తొడిగిన పిమ్మట రెండు పరుగులు కాగానే నట్లు మరల బిగించి చూచుట మరువరాదు.

ఎంపిక యనునది లేని పోటీని కూడ తెలుగు నేల చూచినది. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదున హుస్సేన్‌సాగర్ ఒడ్డున, సచివాలయము, ఎన్.టి.ఆర్. ఉద్యానము, నెక్లెస్ రోడ్డుల నడుమ 2.8 కిలోమీటర్ల పైచిలుకు బాటలో పదునెనిమిది మలుపులతో ఫార్ములా ఇ విద్యుత్ కార్ల పందెము జరిగినది; ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ గెలిచెను. ఆ కార్లకు 350 కిలోవాట్ల బలము. వెనుక చక్రములకు నిత్యము వాడు ఘర్షణ బ్రేకులు లేవు, మోటారే బ్రేకు. టైర్లు మాత్రము అందరికిని ఒక్కటే: హాంకూక్ వారి పదునెనిమిదంగుళముల టైరు, దాని గాడులు ఎండకును వానకును అవే. అంతకుముందు ఎనిమిది ఋతువులు మిషెలిన్ వారు సమకూర్చిరి. మరుసటి యేడు ఇచట జరుగవలసిన పందెము 2024 జనవరిలో రద్దయినది. అదివరకు రోజూ సిటీబస్సులు పోవు తారుపైననే ఆ టైర్లు పరుగులెత్తుటను ప్రేక్షకులు చూచిరి గనుక, టైరు గొప్పదా నడుపువాడు గొప్పవాడా అను తగవు నగరపు చాయ దుకాణములలో కొన్నాళ్లు సాగినది. పనిలో పనిగా చెప్పవలసినది, టైర్లు మన వాకిటనే తయారగుచున్నవి: సదాశివపేట వద్ద ఎం.ఆర్.ఎఫ్. కర్మాగారము చిరకాలముగా నున్నది. అపోలో వారిది 2020లో చిత్తూరు సీమలోని చిన్నపండూరున ప్రారంభమైనది.

విద్యుత్ కారు చౌక యగుటయు క్రీడకు దోహదము చేయుచున్నది. 2024 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము వీనికి రోడ్డు పన్నును, రిజిస్ట్రేషను రుసుమును 2026 డిసెంబరు 31 వరకు మాఫీ చేసినది. అయినను ఒక్క కారుతో ఇంటిపనియు, పోటీయు సాగించువానికి రెండు జతల చక్రములు తప్పవు. పోటీ టైర్లు నాలుగింటిని టియాగో డిక్కీలో ఇముడ్చుట కష్టము. వెనుక సీటు పడవేసి, రెండింటిని నిలువుగా, రెండింటిని అడ్డముగా పేర్చి, జాక్కును పానాను ముందుసీటు క్రింద త్రోసి, ఇంటి టైర్లతోనే మైదానము చేరి అచట మార్చుకొందురు. తిరుగుప్రయాణమున ఇంటి టైర్లనే మరల తొడుగవలెను. పోటీ టైరు నేలను పట్టుకొనుచు బ్యాటరీని త్రాగివేయును. పరుగులకే సగము చార్జి ఖర్చైన నాడు, మాల్ దాటిన తరువాత మర్రిగూడ త్రోవలో చార్జింగు స్థానమెక్కడనో తెలియక పొలాల నడుమ నిలువవలసి వచ్చును.